అడుగు నుంచే నేర్పాలి

“ఇండస్ట్రీకి ఏం కావాలో అది నేర్పండి, చాలు.” మన ఇంజనీరింగ్ కాలేజీల్లో సిలబస్ మీద చర్చ జరిగే ప్రతిచోటా ఇవాళ ఈ మాటదే పైచేయి. బిట్లు, బైట్లు, మెమరీ, ప్రాసెసర్ లోపలి సంగతులు పాతకాలం పాఠాలైపోయాయట. వాటి మీద రెండేళ్లు పోగొట్టే బదులు మొదటి సెమిస్టర్‌లోనే పిల్లల చేత వెబ్‌సైటు కట్టించాలి, యాప్ చేయించాలి, క్లౌడ్‌లో పెట్టించాలి, ఇప్పుడైతే ఏఐ టూల్స్ చేతికివ్వాలి. లోపల ఏం జరుగుతోందో అవసరం పడినప్పుడు వాళ్లే చూసుకుంటారు అంటున్నారు. మేనేజిమెంటుకు ఈ మాట నచ్చుతుంది, తల్లిదండ్రులకు నచ్చుతుంది, ప్లేస్‌మెంట్ ఆఫీసరుకు మరీ నచ్చుతుంది. ఇలా వాదించేవాళ్ల ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. పిల్లలు తొందరగా ఉద్యోగంలో కుదురుకోవాలన్నదే వాళ్ల ఆరాటం. కానీ వాదన తప్పు. ఎవరి మేలు కోరి ఈ మాట అంటున్నారో ఆ పిల్లలకే ఇది అందరికన్నా ఎక్కువ చేటు చేస్తోంది.

ఈ వాదన మొత్తం ఒక పోలిక మీద నిలబడి ఉంది: కారు నడపాలంటే ఇంజన్ ఎలా పనిచేస్తుందో తెలియాలా? తెలియక్కర్లేదు, నిజమే. ఎక్సెల్‌లో జీతాల పట్టిక వేసుకునే అకౌంటెంటునో, ఫోన్లో డబ్బు తీసుకునే కూరగాయల వ్యాపారినో ప్రాసెసర్ గురించి చదవమని ఎవరూ అనడం లేదు. మనం మాట్లాడుతున్నది నాలుగేళ్లు చదివి కంప్యూటర్ సైన్స్ ఇంజనీరుగా పట్టా పుచ్చుకునేవాళ్ల గురించి. బండి దారిలో ఆగిపోతే జనం వెతుక్కుంటూ వచ్చేది వీళ్ల దగ్గరికే. వీళ్లు కూడా స్టీరింగు తిప్పడం వరకే నేర్చుకుంటే బానెట్ ఎత్తేది ఎవరు?

తెలుగు రాష్ట్రాల్లో బి.టెక్. చదివినవాళ్లలో ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఇచ్చిన సంఖ్య దాకా వరసగా గుణించే) ప్రోగ్రాం రాయనివాళ్లు దాదాపు ఉండరు. చాలా ఏళ్లపాటు మన ల్యాబుల్లో దాన్ని రాయించింది నీలం తెర టర్బో సీలో. అందులో 7 ఇస్తే 5040 వస్తుంది. 8 ఇస్తే 40320 రావాలి, కానీ తెర మీద కనిపించేది -25216. ధన సంఖ్యల్ని గుణించుకుంటూ పోతే రుణ సంఖ్య వచ్చింది! కంప్యూటర్ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం ఏ ఉపాధ్యాయుడికీ దొరకదు. ఆ కంపైలర్‌లో మామూలు పూర్ణ సంఖ్యకు ఇచ్చే చోటు 16 బిట్లు. అందులో పట్టే పెద్ద సంఖ్య 32767. అది దాటగానే లెక్క చుట్టు తిరిగి రుణ సంఖ్యల వైపు నుంచి మళ్లీ మొదలవుతుంది. ఇది వివరించడానికి అరగంట చాలు. మెమరీలో చోటుకు హద్దు ఉంటుందని, ఒకే బిట్ల వరసను చదివే తీరును బట్టి వేరువేరు విలువలు వస్తాయని, బడిలో నేర్చుకున్న గణితానికీ యంత్రం చేసే గణితానికీ తేడా ఉందని ఆ అరగంటలో పిల్లలకు బోధపడుతుంది. మన ల్యాబుల్లో ఎక్కువగా జరిగింది వేరు. రికార్డులో 5 కి 120 అని అవుట్‌పుట్ రాసి, సంతకం పెట్టించుకుని, తర్వాతి ప్రోగ్రాంకు వెళ్లిపోయారు.

అది పాత కంపైలర్ గొడవ, ఇప్పుడెందుకు అంటారు. ఇప్పుడూ ఉంది. ఈనాటి కంపైలర్లలో అదే పూర్ణ సంఖ్యకు 32 బిట్లు దొరుకుతాయి. 12 దాకా సరైన జవాబే వస్తుంది. 13 ఇస్తే 6227020800 రావాల్సిన చోట 1932053504 వస్తుంది. ఈసారి ముందు రుణ గుర్తు కూడా లేదు కాబట్టి చూసినవాడికి అనుమానమే రాదు. పైథాన్‌లో సంఖ్య ఎంత పెద్దదైనా పడుతుంది కదా అంటారు. పడుతుంది. అయితే ఆ పైథాన్‌తోనే డేటా సైన్స్ మొదలుపెట్టిన పిల్లవాడి చేతికి కొద్ది రోజుల్లోనే నంపై అనే లైబ్రరీ వస్తుంది. దాని పూర్ణ సంఖ్యలకు సాధారణంగా 64 బిట్లే. అక్కడ 21 దగ్గర మళ్లీ రుణ సంఖ్య ప్రత్యక్షమవుతుంది. పై పొర మారినకొద్దీ హద్దు దూరం జరుగుతోంది, అంతే. అది ఎక్కడుందో తెలియనివాడు ఏదో ఒకరోజు దాన్ని గుద్దుకోక తప్పదు.

ఇది ల్యాబులో ఆగిపోయే పొరపాటు కూడా కాదు. 1996 జూన్ 4న ఐరోపా వాళ్ల ఏరియన్-5 రాకెట్ తొలి ప్రయోగంలోనే, బయలుదేరిన 40 సెకన్లకు కాస్త అటూ ఇటుగా, ఆకాశంలో ముక్కలైంది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణ సంఖ్యలోకి మార్చబోతే అది పట్టలేదు. ఏరియన్-4లో నడిచిన ప్రోగ్రామునే అందులోనూ వాడారు. పాత రాకెట్లో ఆ విలువ ఎప్పుడూ అంత పెద్దది కాలేదు. పనిచేస్తున్న ముక్కను తెచ్చి అతికించుకోవడమే ప్రాక్టికల్ చదువు అనేవాళ్లు ఆ ప్రమాద నివేదికను ఒకసారి చదవాలి. మనకు దగ్గరి సంగతి కూడా ఉంది. తెలుగు కుర్రాళ్లు పెద్ద సంఖ్యలో అమెరికా విమానం ఎక్కడానికి దారి తీసిన వై2కె, సంవత్సరాన్ని రెండు అంకెల్లో దాచిపెట్టినందువల్ల వచ్చిందే. అలాంటిదే ఇంకొకటి 2038 జనవరి 19న ఉంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కపెడుతున్న పాత వ్యవస్థలన్నీ ఆ రోజు నిండిపోతాయి. ఇప్పుడు బి.టెక్.లో ఉన్న పిల్లలు అప్పటికి ఉద్యోగ జీవితం నడిమధ్యలో ఉంటారు. ఆ మరమ్మతు వాళ్ల చేతుల మీదుగానే జరగాలి.

తెలుగువాళ్లం కాబట్టి మనకు మాత్రమే పట్టాల్సిన కారణం ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను కూల్చింది. జ, దాని కింద ఞ వత్తు, మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం ఈ వరసలో వస్తే దాన్ని తెర మీద గీయలేక అప్లికేషన్లు మూతపడిపోయేవి. వాట్సాప్‌లో ఎవరో ఆ అక్షరం పంపితే తెరిచినవాళ్ల యాప్ పడిపోయేది. కొద్ది రోజుల్లోనే యాపిల్ సవరణ విడుదల చేసింది. ఆ వారమంతా మనవాళ్లు నవ్వుతూ ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకున్నారు. ఎందుకు కూలుతోందో మన కాలేజీల్లో ఎన్ని తరగతి గదుల్లో మాట్లాడుకున్నారన్నది నన్ను వేధించే ప్రశ్న. మన లిపి, మన గుణింతం, మన వత్తు. లోపల ఏం జరిగిందో వివరించాల్సింది మనమే కదా.

‘తెలుగు’ అన్న మాటనే తీసుకుని ఒక తరగతి నడపొచ్చు. మన కంటికి అందులో మూడక్షరాలు. పైథాన్‌ను దాని పొడవెంత అని అడిగితే ఆరు అంటుంది, ఎందుకంటే యూనికోడ్‌లో ప్రతి గుణింతం గుర్తుకూ విడిగా ఒక సంఖ్య ఉంది. ఫైల్లోకి యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తే అది 18 బైట్లవుతుంది. మాటను తలకిందులు చేయమని ఇంటర్వ్యూల్లో అడిగే ప్రోగ్రామునే దీని మీద నడిపితే ‘ుగులెత’ అని వస్తుంది, మొదట్లో ఒక కొమ్ము అనాథగా వేలాడుతూ. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో సాధారణంగా 70 గుర్తులే ఎందుకు పడతాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. అక్షరానికి 7 బిట్ల లెక్క పోయి 16 బిట్ల లెక్క వస్తుంది. సందేశానికి ఉన్న చోటు మాత్రం అదే 140 బైట్లు. ‘ఐ’కారం గుర్తును ఒకే సంఖ్యగానూ దాచొచ్చు, రెండు గుర్తుల జంటగానూ దాచొచ్చు. తెర మీద శైలజ శైలజలాగే ఉంటుంది, డేటాబేసులో వెతికితే మాత్రం ఒక శైలజకు ఇంకో శైలజ దొరకదు. పాస్ పుస్తకాల్లో, రేషన్ కార్డుల్లో, ఓటర్ల జాబితాల్లో పేర్లు సరిపోలక జనం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు. ఇలాంటి తేడాలను పసిగట్టగలిగే మనిషి ఆ వ్యవస్థలు కట్టేచోట ఒక్కడైనా ఉండాలి. యూనికోడ్‌కు ముందు డీటీపీ ఫాంట్లలో కూర్చిన తెలుగు పుస్తకాలు, పత్రికలు ఎన్నో ఉన్నాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చి అక్షరాల గుట్ట కనిపిస్తుంది. వాటిని వెలికితీయాలన్నా బైటు స్థాయిలో చదవగలిగినవాళ్లే కావాలి. రియాక్ట్ లాంటి టూల్ నేర్పే కోర్సులో ఈ మనుషులు తయారు కారు.

“అవసరం వచ్చినప్పుడు నేర్చుకుంటారు” అన్నది రెండో వాదన. అవసరం వచ్చిందని గుర్తుపట్టడానికే ముందు కొంత తెలిసి ఉండాలి. ఫుల్ స్టాక్ కోర్సు చేసిన కుర్రాడు ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల సైటు ఒకటి కట్టాడనుకుందాం. 20 మంది రోగుల పేర్లతో డెమో చక్కగా నడుస్తుంది. రెండు లక్షల మంది చేరాక పేజీ తెరుచుకోదు. అతను వాడిన ఫ్రేమ్‌వర్క్ జాబితాలో ఒక్కో వరుసకూ ఒక్కోసారి డేటాబేసు దగ్గరికి వెళ్లి వస్తోంది. వెతికే కాలమ్‌కు ఇండెక్స్ లేదు గనక వెళ్లిన ప్రతిసారీ టేబుల్ మొత్తం చదువుతోంది. ఇవేవీ తెలియనివాడికి తోచే ఉపాయం ఒక్కటే, ఇంకా పెద్ద సర్వర్ అద్దెకు తీసుకోవడం. నెలనెలా బిల్లు పెరుగుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. నెట్‌లో వెతుక్కోవచ్చు కదా అంటే, ఏమని వెతకాలో అతనికి ఎవరూ చెప్పలేదు. డబ్బు లెక్కల్లోనూ ఇదే తంతు. 0.1 కి 0.2 కలిపితే చాలా లాంగ్వేజీల్లో 0.30000000000000004 వస్తుంది, ఎందుకంటే పదోవంతును బైనరీలో ఖచ్చితంగా రాయడం సాధ్యం కాదు. ఇది తెలిసినవాడు రూపాయల్ని పైసలుగా, పూర్ణ సంఖ్యల్లో దాస్తాడు. తెలియనివాడు ఆడిట్‌లో తేడా వచ్చిన రోజు రాత్రంతా కూర్చుంటాడు. పైగా ఉద్యోగంలో చేరాక డెడ్‌లైన్లు, బెంచ్ భయం, ఇంటి అప్పుల మధ్య ఆరు నెలలు తీరిగ్గా కూర్చుని మూలాలు చదువుకొమ్మని ఏ మేనేజరూ పంపడు. ఆ తీరిక మనిషికి జీవితంలో ఒక్కసారే, కాలేజీలోనే దొరుకుతుంది.

ఇక ఏది ప్రాక్టికల్ అన్న ప్రశ్న. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్ల బోర్డుల్ని ఇరవై ఏళ్లుగా చూస్తున్నవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు విజువల్ బేసిక్, ఫ్లాష్. తర్వాత డాట్‌నెట్, శాప్, హడూప్. ఆపైన డెవాప్స్, సేల్స్‌ఫోర్స్. ఇప్పుడు జెన్ ఏఐ. ఆ ఇరుకు గదుల్లోంచి వేల కుటుంబాలు గట్టెక్కాయి, దాన్ని నేను తక్కువ చేయను. కానీ విజువల్ బేసిక్ 6 పనిముట్టుకు మైక్రోసాఫ్ట్ 2008లో మద్దతు ఆపేసింది. 2020 చివరితో ఫ్లాష్‌కు తెర పడింది. యాంగ్యులర్ జేఎస్ తర్వాతి ఏడాదితో ముగిసింది. వీటి కింద ఉన్నవి చూడండి. సీ లాంగ్వేజ్ 1972 నాటిది. రిలేషనల్ డేటాబేసుల మూల సిద్ధాంతాన్ని కాడ్ 1970లో ప్రచురించాడు. ఇంటర్నెట్‌ను మోసే టీసీపీ/ఐపీ 1983 జనవరి 1 నుంచి నడుస్తోంది. దశాంశ సంఖ్యల ప్రమాణం 1985ది, యూటీఎఫ్-8 1992ది. నేర్చుకున్నది ముప్పై ఏళ్లు పనికొస్తే ప్రాక్టికల్ అంటారా, మూడేళ్లకు చెల్లకుండా పోతే అంటారా?

ఎదుటివాళ్ల మాటలో ఒక నిజం ఉంది. మన కాలేజీల్లో ‘బేసిక్స్’ పేరుతో జరిగేది చూసి వాళ్లకు విసుగు పుట్టింది. 8085 కిట్ ముందు కూర్చుని పుస్తకంలోని హెక్స్ కోడ్‌ను అంకె అంకె నొక్కడం, బైనరీని ఆక్టల్‌లోకి మార్చే లెక్కలు రెండు మార్కుల ప్రశ్నలకోసం బట్టీ పట్టడం, వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగే నాలుగు నిర్వచనాలు వల్లించడం. దీన్ని నేనూ సమర్థించను. ఇందులో అడుగుభాగపు పేర్లున్నాయే తప్ప అడుగు లేదు. బోధన చచ్చిపోయిందని పాఠాన్ని తీసేయడం మాత్రం పరిష్కారం కాదు. చిన్నపిల్లలకు అసెంబ్లీ నేర్పమని కూడా నేననడం లేదు. సేమర్ పేపర్ట్, అతని సహచరులు 1967లో తయారు చేసిన లోగోలో పిల్లలు తాబేలును నడిపిస్తూ బొమ్మలు గీస్తారు. అది ఆటలా కనిపిస్తుంది గానీ అందులో ఉన్నది లూపులు, ప్రొసీజర్లు, తనను తానే పిలుచుకునే ప్రోగ్రాములు. తేలిక భాష వేరు, పై పొరను మాత్రమే చూపించే చదువు వేరు. పైథాన్‌తో మొదలుపెట్టి కూడా కిందికి దిగొచ్చు. దిగాలన్న సంకల్పం పాఠం చెప్పేవాళ్లకు ఉండాలి.

అప్లికేషన్లే చాలనుకున్న దేశం ఒకటి ఆ ప్రయోగాన్ని పూర్తిగా చేసి చూసింది కూడా. ఇంగ్లండ్‌లో 1980ల పిల్లలు బీబీసీ మైక్రో మీద పెరిగారు. స్విచ్ వేస్తే ప్రోగ్రాం రాయమన్నట్టు ఖాళీ తెర ఎదురయ్యే యంత్రం అది. 1984లో మన దేశపు బడుల్లో మొదలైన క్లాస్ పథకంలో వాడినవీ అవే. దాన్ని తయారు చేసిన ఏకార్న్ కంపెనీలోనే సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన ఆర్మ్ ప్రాసెసర్ సంతతి ఇవాళ మనందరి ఫోన్లలో ఉంది. ఆ తర్వాత అక్కడి బడుల్లో కంప్యూటర్ పాఠం క్రమంగా వర్డ్, పవర్‌పాయింట్, ఎక్సెల్ వాడకంగా మారిపోయింది. కేంబ్రిడ్జ్‌లో కంప్యూటర్ సైన్స్‌కు దరఖాస్తు చేసే పిల్లల సంఖ్యా, వాళ్లు చేసి చూపించగలిగిన పనీ తగ్గిపోతుండటం చూసి ఎబెన్ అప్టన్, మరికొందరు రాస్‌ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ తయారీకి పూనుకున్నారు. 2012 ఫిబ్రవరిలో అది బయటికొచ్చింది. అదే ఏడాది జనవరిలో రాయల్ సొసైటీ బడుల్లోని కంప్యూటర్ బోధన మీద కఠినమైన నివేదిక ఇచ్చింది. ఐసీటీ అనే ఆ పాత పాఠాన్ని ప్రభుత్వం పక్కన పెట్టి, 2014 సెప్టెంబరు నుంచి ఐదేళ్ల పిల్లల నుంచే కంప్యూటింగ్ ప్రవేశపెట్టింది. అదీ సాఫీగా సాగలేదు. బోధించగలిగినవాళ్లు చాలినంతమంది లేక బడిబడికీ తేడా వచ్చిందని 2017లో అదే రాయల్ సొసైటీ చెప్పింది. ఉపాధ్యాయుల్ని తయారు చేయండని ఆ నివేదిక కోరింది. వర్డ్, పవర్‌పాయింట్ పాఠాలకు తిరిగి వెళ్దామని అనలేదు.

ఏఐ వచ్చాక ఇక కోడు రాయడమే అక్కర్లేదు, మూలాలు ఎందుకు అన్నది కొత్త వాదన. నా దృష్టిలో ఇది ఎదుటి పక్షాన్నే దెబ్బతీసే వాదన. టూల్ కోర్సులో నేర్పేది ఏమిటి? తెలిసిన అమరికలో తెలిసిన ముక్కలు పేర్చడం. ఏఐ అందరికన్నా చవగ్గా చేసిపెట్టే పని సరిగ్గా అదే. అది రాసిచ్చిన నలభై వరుసలు చూడటానికి ఎప్పుడూ ముచ్చటగానే ఉంటాయి. వాటిలో 1932053504 లాంటి అబద్ధం ఎక్కడ నక్కి ఉందో కనిపెట్టే కన్ను ఇప్పుడు విలువైనది. ఆ కన్ను రాసి, చెడగొట్టి, విప్పి చూసినవాళ్లకే వస్తుంది.

ఈ గొడవలో నన్ను ఎక్కువగా బాధించేది వేరే ఉంది. ఐఐటీల్లోనూ హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పాఠాలు ఎవరూ ఎత్తేయడం లేదు. మీ పిల్లలకు ఇవి అక్కర్లేదు అని చెబుతున్నది ఎవరికి? మండల కేంద్రంలో తెలుగు మీడియంలో చదివి, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద జిల్లా కాలేజీలో సీఎస్ఈ చేరిన అమ్మాయికి. ఆమెకు మూడేళ్ల ఆయుష్షు ఉన్న పనిముట్టు ఇచ్చి, పైవాళ్ల పిల్లలకు ఆ పనిముట్లు తయారు చేసే విద్య ఇస్తున్నాం. లేఆఫ్‌లు మొదలైనప్పుడు ముందు రోడ్డున పడేది ఎవరో వేరే చెప్పాలా? వాళ్లకు అర్థం కాదులే అన్న దయ కూడా దీని వెనుక ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి, యంత్రాలకు మనిషి మాట వినడం నేర్పి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. 1970ల్లో హైదరాబాద్ ఈసీఐఎల్‌లో మనవాళ్లు టీడీసీ కంప్యూటర్లను స్వయంగా తయారు చేశారు. పల్లెటూరి పిల్లల తెలివిని తక్కువగా లెక్కగట్టే హక్కు ఎవరికీ లేదు.

సాధనాలు లేవన్న సాకు కూడా నిలబడదు. నోమ్ నిసాన్, షిమోన్ షోకెన్ 2005లో పుస్తకంగా తెచ్చిన పాఠ్యక్రమం ఒకటుంది. అందులో విద్యార్థి ఒకే ఒక్క న్యాండ్ గేటుతో మొదలుపెట్టి, 12 ప్రాజెక్టుల్లో కూడికల సర్క్యూటు, మెమరీ, ప్రాసెసర్, అసెంబ్లర్, కంపైలర్ తానే కట్టుకుంటూ టెట్రిస్ ఆట నడిచే కంప్యూటర్ దాకా వస్తాడు. సాఫ్ట్‌వేర్ ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీదా నడుస్తుంది, బోర్డులూ చిప్పులూ కొననక్కర్లేదు. దానికి కావలసిన సమయం ప్లేస్‌మెంట్ల కోసం పెట్టే సీఆర్టీ క్లాసుల్లో ఉంది. రైలు వేగాల లెక్కలకూ గ్రూప్ డిస్కషన్ చిట్కాలకూ ఇస్తున్న గంటల్లో సగం ఇటు మళ్లిస్తే సరిపోతుంది. కావలసిన మనిషి, ఆ 12 ప్రాజెక్టులూ ముందు తానే ఒక్కసారి చేసి చూసిన అధ్యాపకుడు. ఈ వేసవి సెలవుల్లో తన సీఎస్ఈ అధ్యాపకుల్ని ఆ పనికి కూర్చోబెట్టే ప్రిన్సిపాల్, యూనివర్సిటీ నుంచి కొత్త సిలబస్ వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.